బ్యాకెండ్‌కి మారాలంటే ఏ లాంగ్వేజ్ ఎంచుకోవాలి?

ఫ్రంటెండ్ (యూజర్‌కి కనిపించే పేజీల పని) నుంచి బ్యాకెండ్‌కి (వెనక సర్వర్‌లో నడిచే కోడ్ పనికి) మారదామనుకున్న ఏడాది నేను నెలకో లాంగ్వేజ్ మొదలుపెట్టాను. ఒక్కటీ లాగిన్ పేజీ దాటలేదు. ఆ తిప్పలు మీకొద్దు.

1. ముందు జాబ్ సైట్ తెరవండి. మీ ఊళ్లో, మీ అనుభవానికి సరిపడే ప్రకటనలు ఓ ముప్పై చదివి, ఏ లాంగ్వేజ్ ఎన్నిసార్లు అడిగారో కాగితం మీద గీతలు పెట్టండి. హైదరాబాద్‌లో వెతికితే జావా, దాని ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్ జంట తరచూ తగులుతుంది.

2. చేతిలో ఉన్నది చూసుకోండి. జావాస్క్రిప్ట్ వచ్చా? 2009లో వచ్చిన నోడ్ దాన్నే సర్వర్ మీద నడుపుతుంది, కొత్త వ్యాకరణం అక్కర్లేదు. టెస్టింగ్‌లో పైథాన్ స్క్రిప్టులు రాసినవాళ్లకు జాంగో, ఫాస్ట్ఏపీఐ అనే పైథాన్ ఫ్రేమ్‌వర్క్‌లు దగ్గర దారి. గూగుల్‌లో పుట్టిన గో (Go) లాంగ్వేజ్‌లో కీవర్డులు 25 మాత్రమే. సర్వర్ల మీద యాప్‌లను కంటైనర్లలో నడిపే డాకర్, కుబర్నెటిస్ రాసింది అందులోనే. అయితే ఎర్రర్ వచ్చిందా లేదా అని అడుగడుగునా మనమే చూసుకోవాలి. కొందరికి అది విసుగు, నాకైతే ధైర్యం. రస్ట్ అనే ఇంకో లాంగ్వేజ్ గొప్పదే కానీ, మొదటి బ్యాకెండ్ లాంగ్వేజ్‌గా వద్దంటాను.

3. రెండింటిని మిగుల్చుకుని, ఒక్కోదానికి ఒక్కో శని, ఆదివారం ఇవ్వండి. రెండింట్లోనూ ఒకటే చేయండి: కిరాణా కొట్టు ఖాతా పుస్తకం. కస్టమర్‌ని చేర్చడం, అప్పు రాయడం, జమ వేయడం, బాకీ చూపించడం, అంతే. డేటాబేస్‌గా పోస్ట్‌గ్రెస్ పెట్టుకోండి.

4. ఇప్పుడు దాన్ని చెడగొట్టి చూడండి. బాకీ 500 ఉంది. రెండు ఫోన్ల నుంచి ఒకేసారి 200, 100 జమ వచ్చాయి. రెండు రిక్వెస్టులూ 500 అనే చదివితే, ఒకటి 300 అని, ఇంకోటి 400 అని రాస్తాయి. చివర రాసిందే మిగులుతుంది. ఉండాల్సింది మాత్రం 200! లాంగ్వేజ్ మార్చినంత మాత్రాన ఇది పోదు. డేటాబేస్ ట్రాన్సాక్షన్‌లో (అన్నీ కలిసి జరిగే, లేదా ఏదీ జరగని పనుల కట్టలో) ఆ కస్టమర్ వరుసకి (row) లాక్ వేసి, అంటే ఒకరి పని అయ్యేదాకా ఇంకొకరు ఆగేలా చేసి, చదవాలి. ఇంటర్వ్యూలో ఇలాంటివే అడుగుతారు, అందుకే లాంగ్వేజ్‌తో పాటు డేటాబేస్‌తో మాట్లాడే ఎస్‌క్యూఎల్ కూడా నేర్చుకోండి.

5. రెండు కోడ్‌లూ వారం తర్వాత మళ్లీ తెరవండి. ఏది చదివితే వెంటనే అర్థమైందో, ప్రకటనల్లో దానికి ఎన్ని గీతలు పడ్డాయో చూసి ఒకటి ఖాయం చేసుకోండి. రెండోదాన్ని ఆరు నెలలు ముట్టుకోకండి.