మానిటర్ టాప్ ఫ్రిజ్: ప్లగ్గు పెట్టే ముందు

1927లో జనరల్ ఎలక్ట్రిక్ తెచ్చిన మానిటర్ టాప్ ఫ్రిజ్ దొరికితే వెంటనే ప్లగ్గు పెట్టొద్దు. తొలి మోడళ్లలో వాడిన గ్యాస్ సల్ఫర్ డయాక్సైడ్, ఊపిరితిత్తులకు ప్రమాదం. కిటికీలన్నీ తెరిచి, అమోనియాలో తడిపిన గుడ్డను గొట్టాల దగ్గర పెట్టండి. తెల్లటి పొగ లేస్తే లీకు ఉన్నట్టే, అక్కడితో ఆపి అనుభవమున్న మెకానిక్‌ని పిలవండి. గొట్టాన్ని మాత్రం కోయొద్దు: తేమ చేరితే ఆమ్లం పుట్టి లోపలంతా తినేస్తుంది.

లీకు లేదా? వైరు చూడండి. పాత రబ్బరు తొడుగు వంచగానే పొడిపొడిగా రాలుతుంది. మొత్తం మార్చి ఎర్తింగ్ ఇవ్వండి. కంప్రెసర్ మూడు టెర్మినళ్ల (వైర్లు కలిపే కొనల) మధ్య మల్టీమీటర్‌తో ఓమ్స్, అంటే కరెంటుకు ఉండే నిరోధం, కొలిస్తే, పెద్ద రీడింగు మిగతా రెండింటి మొత్తానికి సమానంగా రావాలి. ఏ టెర్మినల్ నుంచైనా బాడీకి కంటిన్యుటీ (కరెంటు పారే దారి) చూపిస్తే వైండింగ్, అంటే మోటారు లోపలి తీగచుట్ట, పోయినట్టే. అమెరికా వోల్టేజీకి చేసిన యంత్రమిది, మన 230 వోల్టులకు నేరుగా కలపకండి. మోటారు గుర్రుమని ఆగిపోతే ముందు స్టార్టింగ్ రిలే (మోటారు మొదలవడానికి సాయపడే స్విచ్చు) చూడండి.