పాలు, వెన్న లేకుండా పండ్ల లోఫ్

పండ్ల లోఫ్‌లో, అంటే పొడవాటి టిన్నులో కాల్చే కేకు లాంటి రొట్టెలో, పాలూ వెన్నా ఏ పని చేస్తాయో ముందుగా తెలుసుకుంటే వాటిని మానేయడం ఏమంత కష్టం కాదు. పాలు పిండికి తడిని, వెన్న మెత్తదనాన్ని ఇస్తాయి. మొదటి పనిని నానిన ఎండుపండ్లు, రెండోదాన్ని కొద్దిపాటి నూనె చక్కగా నెరవేరుస్తాయి. బాగా మగ్గిన అరటిపండు ఈ రెండింటికీ తోడ్పడుతూనే పిండిని పట్టి ఉంచుతుంది కాబట్టి గుడ్డు అవసరం కూడా ఉండదు. తీపి అంతా పండ్లదే కనుక పంచదార కలపము. అయితే ఎండుపండ్లలో నీరు ఆవిరైపోవడం వల్ల చక్కెర బాగా చిక్కబడి ఉంటుంది. కాబట్టి మధుమేహం ఉన్నవారు దీన్ని చక్కెర లేని పదార్థంగా భావించకూడదు. మైదాకు బదులు ముడి గోధుమపిండి వాడటం వల్ల పీచు పెరగడమే ఇక్కడ అసలైన లాభం.

ఒక మామూలు లోఫ్ టిన్నుకు 150 గ్రాముల ఎండుద్రాక్ష, గింజలు తీసి సన్నగా తరిగిన 100 గ్రాముల ఖర్జూరం, 200 మిల్లీలీటర్ల వేడి టీ డికాక్షన్, మగ్గిన అరటిపండ్లు రెండు, 60 మిల్లీలీటర్ల వాసన లేని నూనె, 250 గ్రాముల గోధుమపిండి, రెండు టీస్పూన్ల బేకింగ్ పౌడర్, పావు టీస్పూన్ వంటసోడా, ఒక టీస్పూన్ నిమ్మరసం, ఒక టీస్పూన్ దాల్చిన చెక్క పొడి, చిటికెడు ఉప్పు కావాలి. ఇష్టముంటే గుప్పెడు వాల్‌నట్ పలుకులు చేర్చుకోవచ్చు.

ఈ వంటలో తొందర పనికిరానిది నానబెట్టడం ఒక్కటే. వేడి డికాక్షన్‌లో పండ్లు వేసి, మూతపెట్టి, రాత్రంతా వదిలేయాలి. ముడతలు పడి ఉన్న ఎండుద్రాక్ష ఉదయానికి ఉబ్బి నున్నగా అవుతుంది, వేళ్ల మధ్య నొక్కితే రసం చిమ్ముతుంది. ఖర్జూరం ముక్కలు అంచుల దగ్గర కరిగి డికాక్షన్‌ను చిక్కబరుస్తాయి. నానని పండ్లు ఓవెన్‌లో పిండిలోని తడిని తామే పీల్చుకుంటాయి కాబట్టి లోఫ్ పొడిబారిపోతుంది. ఎక్కువమంది ఇంటి లోఫ్ గట్టిపడటానికి నేను చూసిన కారణం ఇదే. మిగిలిన డికాక్షన్‌ను పారబోయకండి, అది కూడా పిండిలోకే వెళ్లాలి.

ఓవెన్‌ను 170 డిగ్రీల సెల్సియస్‌కు ముందుగా వేడిచేసి, టిన్ను లోపల బటర్ పేపర్ పరచాలి. అరటిపండును మెత్తగా మెదిపి, నూనె, నిమ్మరసం, డికాక్షన్‌తో సహా పండ్లు కలపాలి. వేరే గిన్నెలో పొడి పదార్థాలన్నీ జల్లించి, జల్లెడలో మిగిలిన పొట్టును కూడా తిరిగి పిండిలోనే వేయాలి, ఎందుకంటే పీచు ఉన్నది అందులోనే. ఈ పిండిని పండ్ల మిశ్రమంలో వేసి, పొడిపిండి కనిపించకుండా పోయేంతవరకు మాత్రమే గరిటెతో తిప్పి ఆపేయాలి. అంతకుమించి కలిపితే గోధుమలోని గ్లూటెన్ అనే జిగురు ప్రోటీన్ సాగి లోఫ్ రబ్బరులా తయారవుతుంది. గరిటెను పైకెత్తితే మిశ్రమం జారిపోకుండా ముద్దగా, బరువుగా పడాలి. గట్టిగా అనిపిస్తే రెండు మూడు చెంచాల నీళ్లు చాలు. వంటసోడా నిమ్మరసంతో కలిసిన వెంటనే బుడగలు పుట్టించడం మొదలుపెడుతుంది కాబట్టి ఆలస్యం చేయకుండా టిన్నులోకి వంపి ఓవెన్‌లో పెట్టాలి.

సుమారు గంటసేపు కాలాలి. 40 నిమిషాలకు పైభాగం నల్లబడుతుంటే అల్యూమినియం ఫాయిల్‌తో వదులుగా కప్పండి, పైకి తేలిన ద్రాక్షలు మాడితే చేదెక్కుతాయి. నడుమ గుచ్చిన పుల్లకు పచ్చిపిండి అంటకూడదు. జిగురుగా పండు అంటితే మాత్రం కంగారు పడక, పక్కన మరోచోట గుచ్చి చూడండి.

పాల అలర్జీ ఉన్నవారి కోసం చేసేటప్పుడు నూనెకు బదులు మార్జరిన్ వాడదలిస్తే దాని పొట్లం మీది వివరాలు తప్పక చదవాలి. కొన్ని మార్జరిన్లలో వే, కేసిన్ అనే పాల ప్రోటీన్లు, పాలపొడి వంటివి ఉంటాయి. నెయ్యి కూడా పాల పదార్థమే కనుక టిన్నుకు సైతం రాయకూడదు.

టిన్నులో పది నిమిషాలు ఉంచి, జాలీ మీదకు తీసి, పూర్తిగా చల్లారాకే కోయాలి. వేడిగా ఉన్నప్పుడు కోస్తే ముక్కలు విరిగి, నడుమ ముద్దగా అనిపిస్తుంది. నిజానికి మర్నాటికి పండ్ల తడి పిండిలోకి ఇంకి రుచి మరింత బాగుంటుంది. గాలి చొరని డబ్బాలో రెండు రోజులు, ఫ్రిజ్‌లో మరికొన్ని రోజులు నిల్వ ఉంటుంది. ముక్కలుగా కోసి ఫ్రీజర్‌లో పెడితే కావలసినప్పుడు ఒక్కో ముక్క తీసి నేరుగా టోస్టర్‌లో వేడిచేసుకోవచ్చు.