గాయానికి చేయి వేసే ముందు

పిల్లలతో విశాఖ సముద్రతీరంలోని యారాడకో రుషికొండకో బయలుదేరేవారు సంచిలో శుభ్రమైన నూలుగుడ్డ, చేతి తొడుగులు, సబ్బు, రెండు సీసాల మంచినీళ్లు ఉన్నాయో లేదో ఇంటి దగ్గరే సరిచూసుకోవాలి.

రాళ్లకు అంటుకున్న గుల్లల అంచుకు పాదం తెగితే, ముందు మీ చేతులు కడుక్కొని, తొడుగులు వేసుకొని, గాయంపై గుడ్డ ఉంచి 10 నిమిషాలపాటు వదలకుండా అదిమి పట్టాలి. ఆగిందా లేదా అని నిమిషానికోసారి గుడ్డ ఎత్తి చూడటం మనలో చాలామంది చేసే పొరపాటు. గుడ్డ తడిస్తే దాన్ని తీయకుండా పైన మరొకటి వేయాలి. పసుపు, కాఫీపొడి అద్దితే చివరికి వైద్యుడు వాటినే ముందుగా కడగవలసి వస్తుంది. లోతుగా గుచ్చుకున్న ముక్కను లాగకూడదు.

వంటింట్లో నూనె చిందితే, వాపు రాకముందే ఉంగరాలు, గాజులు తీసి, కాలిన చోటును కుళాయి ధార కింద 20 నిమిషాలు ఉంచాలి. మంచుముక్కలు, టూత్‌పేస్ట్ వద్దు.

కుక్క కరిస్తే, అది చిన్న గీరే అయినా, సబ్బునీటితో 15 నిమిషాలు కడిగి ఆ రోజే టీకాకు వెళ్లాలి. పాముకాటుకు తాడు బిగించకూడదు, కోయకూడదు. ఆ కాలిని లేదా చేతిని కదలనీయకుండా ఆసుపత్రికి తరలించాలి.

రక్తం ఆగకున్నా, తలకు దెబ్బ తగిలి వాంతులు, మగత కనిపించినా, ఊపిరి అందకున్నా వెంటనే 108కి ఫోన్ చేయాలి. యారాడ కొండదారి మలుపులు దాటి అంబులెన్సు రావడానికి సమయం పడుతుంది కనుక, ఒకరు గాయాన్ని అదుముతుండగానే మరొకరు ఫోన్ అందుకోవాలి.