సొంతూరి గురించి రాయాలనుకుంటే: ఎం.ఎన్. శ్రీనివాస్ దగ్గర నేర్చుకున్న కిటుకులు

మా ఊరి గురించి రాద్దామని మొదటిసారి కూర్చున్నప్పుడు నాకు రెండు పేజీలకు మించి రాలేదు. చెరువు గట్టు, రావిచెట్టు, సంక్రాంతి ముగ్గులు, అమ్మమ్మ కలిపి పెట్టిన ముద్ద, అంతే. మర్నాడు చదువుకుంటే, కృష్ణా జిల్లాలో ఏ ఊరి పేరు పెట్టినా సరిపోయేలా ఉంది. ఎక్కడ తప్పు చేశానో సమాజశాస్త్రవేత్త (సోషియాలజిస్టు) ఎం.ఎన్. శ్రీనివాస్ గారు రాసినవి చదివాక తెలిసింది. సివిల్స్‌కి సోషియాలజీ తీసుకున్నవాళ్లని ఆయన గురించి అడిగితే సంస్కృతీకరణ (కింది కులాలవాళ్లు పైకులాల ఆచారాలు పట్టుకోవడం), ఆధిపత్య కులం అంటూ నిర్వచనాలతో సహా అప్పజెబుతారు. నాకు మాత్రం ఆయన ఊళ్లో కూర్చుని పని ఎలా చేశారన్నదే ఆసక్తి.

ముందు మనిషి గురించి కాస్త. 1916లో మైసూరులో అయ్యంగార్ల ఇంట్లో పుట్టారు. బొంబాయిలో సోషియాలజీ ప్రొఫెసర్ జి.ఎస్. ఘుర్యే దగ్గర చదివి, కొడగు (కూర్గ్) వాళ్ల మీద పరిశోధన చేసి, 1945లో ఆక్స్‌ఫర్డ్ వెళ్లారు. అక్కడే పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది, పైగా మొదటి ఏడాది పల్లెలో పనిచేసుకునే వీలు కూడా ఇచ్చారు. అలా 1948లో మైసూరు దగ్గర ఒక ఊళ్లో మకాం పెట్టారు. ఆ తర్వాత బరోడాలో, 1959లో ఢిల్లీలో సోషియాలజీ శాఖలు నిలబెట్టారు, 1972లో బెంగళూరు చేరారు, 1999లో అక్కడే పోయారు.

ఇక పనిలోకి వద్దాం. మొదట మీ ఇంటి వెనక వీధికి వెళ్లండి. మైసూరులో శ్రీనివాస్ గారి ఇల్లు కాలేజీ రోడ్డులో ఉండేది, వెనకే బండికేరి, గొర్రెలు కాసే కురుబల వీధి. చిన్నప్పుడు అటు అడుగుపెడితే వేరే లోకంలోకి వెళ్లినట్టు అనిపించిందని పెద్దయ్యాక రాసుకున్నారు. మా ఊళ్లో దళితవాడ రోడ్డుకి అవతలే. నేను పదహారేళ్లు ఆ ఊళ్లో పెరిగి కూడా అక్కడ ఒక్క ఇంటి అరుగు మీద కూర్చోలేదు, ఇంకా ఊరంతా తెలుసనే అనుకున్నాను!

రెండోది ఇంటింటి లెక్క. బోరు కొడుతుంది కానీ ఇది లేకపోతే మీరు రాసేవి కబుర్లే. ఒక లాంగ్ నోట్‌బుక్ కొనుక్కుని ఇంటికో పేజీ కేటాయించండి: ఇంటిపేరు, పొలం సొంతమా కౌలా, ఊళ్లో ఎవరున్నారు, హైదరాబాదులో ఎవరు, కువైట్‌లో ఎవరు, తాగే నీళ్లు ఎక్కడివి, కోడలు ఏ ఊరి పిల్ల. ఈ చివరిది అస్సలు వదలొద్దు. కోడళ్లు వచ్చిన ఊళ్లన్నీ మ్యాపు మీద చుక్కలు పెట్టి చూశాను, ఒక్కో కులానికి చుట్టరికాల దారి ఒక్కో వైపు పోతోంది, మా వీధివాళ్లకి తూర్పున ఉన్న ఊళ్ల పేర్లు కూడా తెలియవు. పెద్దవాళ్లని సంవత్సరం అడక్కండి, "ఏమోనయ్యా" అంటారు. "ఉప్పెనకి ముందా, తర్వాతా?" అనండి, 1977కి అటో ఇటో తేలిపోతుంది. "ఎన్టీఆర్ వచ్చాకా?" అంటే 1983.

మూడోది ప్రశ్నలు అడిగే తీరు. "మీ ఊళ్లో కులాలు ఎలా ఉంటాయండీ" అని అడిగితే "అబ్బే, ఇప్పుడవన్నీ ఎక్కడివి బాబూ, అందరం కలిసే ఉంటాం" అంటారు. దాని బదులు పోయిన నెలలో జరిగిన పెళ్లి గురించి అడగండి. ముందు పంక్తిలో ఎవరు కూర్చున్నారు, ఎవరికి కేటరింగ్ డబ్బాలో పెట్టి పంపారు, డప్పులవాళ్లు ఎక్కడ తిన్నారు. శ్రీనివాస్ గారు జీవితమంతా చెప్పింది ఇదే: పుస్తకంలో ఉన్న కులం వేరు, ఊళ్లో కనపడే కులం వేరు. పుస్తకం ప్రకారం బ్రాహ్మలు పైన. ఆయన ఉన్న ఊళ్లో మాట చెల్లేది వ్యవసాయం చేసే ఒక్కలిగలకి, ఎందుకంటే భూమి వాళ్లది, తలలూ వాళ్లవే ఎక్కువ. ఆధిపత్య కులం అన్నది ఆ సంగతికి పెట్టిన పేరే. మనం "పెత్తనం ఎవరిది" అంటాం చూడండి, అదే. రోజూ టీవీల్లో వినే ఓటు బ్యాంకు అన్న మాట కూడా 1955లో ఆ ఊరి మీద రాసిన వ్యాసం నుంచే వచ్చిందంటారు.

అన్నిటికంటే ముఖ్యమైనది, నేను బోల్తా పడ్డది, ఎవరి అరుగు మీద కూర్చున్నారన్నది. శ్రీనివాస్ గారు దిగింది ఊరి పెద్ద ఎద్దులు కట్టేసుకునే ఇంట్లో. ఇక ఊరు ఆయన్ని పట్నం ప్రొఫెసరులా కాక బ్రాహ్మణ అబ్బాయిలా చూసింది. ఒకరోజు స్నానం చేశాక గడ్డం గీసుకుంటుంటే ఊరి పెద్ద చూసి మందలించాడట, గడ్డం గీసుకున్నాక కదా స్నానం చేయాలి అని. ఆ ఇంట్లో ఉంటూ దళితుల ఇళ్లకి, ముస్లిముల ఇళ్లకి స్వేచ్ఛగా తిరగలేకపోయారు, తనది పైకులాల వైపు నుంచి చూసిన ఊరు అని తానే ఒప్పుకున్నారు. ఇంకొకరైతే దాచేసేవారే. మీరు కూడా రాసేదాని మొదటి పేజీలోనే పెట్టేయండి: ఎవరింట్లో ఉన్నారు, ఎవరింట్లో టీ తాగారు, ఎవరింటికి వెళ్లలేదు. కుదిరితే ఒక్కరే వెళ్లకండి. దాదాపు అదే కాలంలో మన ఉస్మానియా నుంచి ఎస్.సి. దూబే అనే మానవశాస్త్రవేత్త హైదరాబాదు దగ్గరి శామీర్‌పేట మీద పనిచేశారు, ఆయన మాత్రం వేరువేరు సబ్జెక్టుల వాళ్లని జట్టుగా వెంటబెట్టుకుని వెళ్లారు. ఆడవాళ్లతో మాట్లాడాలంటే వంటింటి గడపలోకి మగవాడు ఎంతవరకు వెళ్లగలడు? నేను మా చెల్లిని తీసుకెళ్లాకే అత్తాకోడళ్ల సంగతులు బయటికొచ్చాయి.

నోట్సు రాసినవి ఒకే చోట పెట్టకండి. 1970 ఏప్రిల్ 24న అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో ఆయన ఉంటున్న పరిశోధనా కేంద్రానికి ఎవరో నిప్పు పెట్టారు. ఆ మైసూరు ఊరి మీద ఏళ్ల తరబడి విడదీసి తిరగరాసుకున్న నోట్సు, మూడు కాపీలకు మూడూ, ఆయన గదిలోనే ఉన్నాయి. గుర్తున్నదే రాసెయ్యమని సోల్ టాక్స్ అనే మానవశాస్త్రవేత్త మిత్రుడు అంటే రాసేశారు, అదే 1976లో వచ్చిన 'ది రిమెంబర్డ్ విలేజ్'. నా కథలో నిప్పు లేదు, ఫోను కాలువలో పడింది, పదకొండు ఇంటర్వ్యూలు పోయాయి. ఆ రాత్రే కూర్చుని గుర్తున్నంతా కాగితం మీద పెడితే, చిత్రంగా, రికార్డింగుల్లో లేనివి వచ్చాయి: మనిషి ఎక్కడ ఆగాడు, ఎవరు వస్తే మాట మార్చాడు. అందుకే ఇప్పుడు రికార్డింగ్ ఉన్నా సరే, ఇంటికి రాగానే అది వినకుండానే ఒక పేజీ రాస్తాను.

చివరగా పేర్లు. శ్రీనివాస్ గారు ఊరి పేరు మార్చి రాంపుర అని పెట్టారు. మీరూ మార్చండి, మనుషుల పేర్లు మరీ ముఖ్యంగా, పొలం తగాదాలు రాస్తే కోర్టుదాకా పోవచ్చు. అయితే పేరొక్కటే మారిస్తే చాలదు. నేను ఒకాయన పేరు, ఇంటిపేరు, వీధి అన్నీ మార్చి మా పెదనాన్నకి చదివి వినిపించాను. కొమ్ము విరిగిన గేదె దగ్గరికి వచ్చేసరికి ఆయన పడీపడీ నవ్వి మనిషి ఎవరో చెప్పేశారు. గేదెని కూడా మార్చాల్సి వచ్చింది.