ఇద్దరూ ఉద్యోగానికి వెళ్లే ఇంట్లో పిల్లల పని పంచుకోవడం ఎలా

ఇలాంటి ఇళ్లల్లో గొడవలు పని చేయడం దగ్గర కన్నా దాన్ని గుర్తుపెట్టుకోవడం దగ్గరే ఎక్కువ వస్తాయి. డైపర్లు అయిపోవచ్చాయని, రేపు స్కూల్‌కి రంగు డ్రెస్ వేసి పంపాలని, 9 నెలలకి వేసే ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా దగ్గరపడిందని ఒక్కరి బుర్రలోనే తిరుగుతుంటే, రెండోవాళ్లు "చెప్తే చేసేవాణ్ణి కదా" అన్నంత మాత్రాన ఆ టెన్షన్ తగ్గదు. 2019 కేంద్ర ప్రభుత్వ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది.

అందుకే పనిని ముక్కలుగా కాదు, మొత్తంగా అప్పజెప్పండి. టీకాలు నాన్న చూసుకోవాలంటే కార్డు ఎక్కడుందో తెలియడం, డాక్టర్ అపాయింట్‌మెంట్, ఆఫీసులో పర్మిషన్, ఆ రాత్రి బిడ్డకి ఒళ్లు కాలితే లేచి కూర్చోవడం, అన్నీ ఆయనవే. స్కూల్ వాట్సాప్ గ్రూపులో కూడా ఆయన నంబరే ఉండాలి. అమ్మ మధ్యలో తనిఖీ చేయకూడదు. చొక్కాకి నిక్కరు మ్యాచ్ కాకపోతే కొంపేం మునిగిపోదు.

బిడ్డకి జ్వరమని క్రెష్ (పగలు పిల్లల్ని చూసుకునే చోటు) నుంచి ఫోనొస్తే ఎవరు వెళ్లాలో ముందే అనుకోండి, ఈ వారం ఒకరు, వచ్చే వారం ఇంకొకరు. లేకపోతే ప్రతిసారీ అమ్మ సెలవులే కరిగిపోతాయి.

2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు తల్లికి 26 వారాల జీతంతో కూడిన సెలవు వచ్చింది, 50 మంది, అంతకు మించి ఉన్న ఆఫీసుకి క్రెష్ సౌకర్యం ఉండాలి, రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు, హెచ్‌ఆర్‌ని గట్టిగా అడగండి. ప్రైవేటులో తండ్రికి అలాంటి చట్టం లేదు కాబట్టి, ఉన్న సెలవులన్నీ పురుడైన వారమే, ఇంటినిండా చుట్టాలున్నప్పుడే వాడేయకుండా, అమ్మ తిరిగి డ్యూటీలో చేరే వారాలకి దాచుకోవాలి. నా ఉద్దేశంలో అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడేది ఇదే.

అమ్మమ్మో నానమ్మో వచ్చి ఉంటే, వాళ్లతో ఏదైనా చెప్పాల్సొస్తే ఎవరి అమ్మకి వాళ్లే చెప్పాలి. అల్లుడో కోడలో చెబితే మాట పడ్డట్టు ఉంటుంది.

ఈ లెక్కలన్నీ రాత్రి 11కి, ఇద్దరూ నీరసంగా ఉన్నప్పుడు మాట్లాడకండి, ఆదివారం పొద్దున కాఫీ దగ్గర పెట్టుకోండి. వారంలో ఓ పూట ఒక్కొక్కరికీ పిల్లల బాధ్యత లేకుండా వదిలేయాలి, నిద్రపోయినా సరే. కాన్పు తర్వాత దిగులు, ఏడుపు రెండు వారాలు దాటినా తగ్గకపోతే "అదే పోతుందిలే" అనుకోవద్దు, డాక్టర్‌ని కలవండి. వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.