24 అడుగుల బోటా, 32 అడుగుల బోటా: కొనేముందు పోల్చుకునే పద్ధతి

రెండు ఫైబర్ బోట్లు అమ్మకానికి ఉన్నాయనుకోండి. ఒకటి 24 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 2.75 అడుగుల లోతు. రెండోది 32, 8, 3.5. పొడవు చూసి పెద్దది మూడో వంతే పెద్దదనుకుంటారు. మూడు కొలతలూ గుణించి చూడండి. చిన్నదానికి 396, పెద్దదానికి 896 వస్తుంది. అంటే లోపలి జాగా రెండింతలు దాటింది. లాగుడు ఖర్చు, ఇంజన్ దాదాపు ఈ లెక్కనే పెరుగుతాయి గానీ పొడవు లెక్కన కాదు. అందుకే అడుగుకు ఇంతని బేరమాడొద్దు.

వేగం మాత్రం ఆ లెక్కన పెరగదు. నీళ్లలో మునిగే భాగం పొడవుకు వర్గమూలం కట్టి 1.34తో గుణిస్తే, బరువుతో ఉన్న బోటు సుమారుగా ఎన్ని నాట్లు, అంటే గంటకు ఎన్ని నాటికల్ మైళ్లు, పోగలదో తెలుస్తుంది. చిన్నదానికి ఆ పొడవు 22 అడుగులుంటే 6.3 నాట్లు, పెద్దదానికి 29 ఉంటే 7.2. పది నాటికల్ మైళ్లు పోవడానికి తేడా 12 నిమిషాలే. ఖాళీ బోటును అమ్మేవాళ్లు జోరుగా తిప్పి చూపిస్తారు, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. వలా ఐసూ ఎక్కాక ఈ అంకె దాటించాలని ఇంజన్‌ను ఎంత తిప్పినా అమరం (బోటు వెనక కొస) కిందికి కుంగి, అణియం (ముందు కొస) పైకి లేచి, నూనె తాగుతుందే తప్ప దారి సాగదు.

అసలు పోల్చాల్సింది బరువు ఎక్కితే ఏది ఎంత దిగుతుందనేది. నీటి గీత, అంటే నీటి మట్టం బోటును తాకే చోటు, దగ్గరి పొడవునూ వెడల్పునూ అడుగుల్లో గుణించి, ఆ వచ్చినదాన్ని 0.7తోనూ, మళ్లీ 0.95తోనూ గుణించండి. బోటు ఒక సెంటీమీటరు దిగడానికి పట్టే బరువు కిలోల్లో వస్తుంది. చిన్నదానికి నీటి గీత వెడల్పు 5.5 అడుగులైతే సుమారు 80 కిలోలు, పెద్దదానికి 7.5 అయితే సుమారు 145 కిలోలు. ఐదుగురు మనుషులు 300 కిలోలు, తడి వల 300, ఐసు 200, మొత్తం 800 కిలోలు. చిన్నది 10 సెంటీమీటర్లు దిగుతుంది, పెద్దది ఐదున్నర. ఆ పైన 500 కిలోల చేప పడితే చిన్నది ఇంకో 6 దిగుతుంది. వలను పొడిగా ఉన్నప్పుడు తూచి లెక్క కట్టొద్దు, తడిసిన వల బరువు వేరు.

ఈ లెక్కను ఉప్పుటేట్లో సరిచూసుకోవచ్చు. బోటు అడుగున నిలిచిన నీళ్లు ముందు తోడేయండి. అలల్లేని చోట, తాడు వదులుగా ఉంచి, అంచు నుంచి నీటి దాకా అణియం దగ్గరా నడుమా అమరం దగ్గరా కొలిచి సుద్దతో గీత పెట్టండి. తర్వాత మనుషుల్ని ఎక్కించి మళ్లీ కొలవండి. లెక్కకు మించి దిగితే నీటి గీత కొలత తప్పన్నమాట, మళ్లీ కొలవండి. ఖాళీగా ఉన్నప్పుడే బోటు పాత పాకుడు గీత కంటే లోతుగా కూర్చుంటే, బోటు తేలడానికి అడుగున నింపిన ఫోము నీళ్లు పీల్చిందేమోనని అనుమానించాలి. ఆ నీళ్లు తోడితే పోయేవి కావు.

అక్కడే ఊపు పరీక్ష కూడా చేయండి. ఇద్దరు ఒక పక్క అంచును నొక్కి వదిలితే బోటు అటూ ఇటూ ఊగుతుంది. ఒక పక్కకు ఒరిగి మళ్లీ అదే పక్కకు వస్తే ఒక ఊపు. పది ఊపుల కాలాన్ని పదితో భాగించండి. ఆ సెకన్లు బోటు వెడల్పు మీటర్ల కంటే తక్కువుంటే మంచిది. ఆరడుగుల వెడల్పు బోటుకు 1.8 సెకన్లు, ఎనిమిదడుగుల వెడల్పు దానికి 2.4. అంతకంటే నిదానంగా ఊగి, ఒరిగినచోట కాసేపు ఆగి లేస్తుంటే ఆ బోటు మీద ఎత్తుగా బరువు పెట్టకూడదు. రెండు బోట్లకూ బరువు ఒకే తీరుగా పెట్టి చూస్తేనే పోలిక నిలుస్తుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో బోట్లు ఇసుక మీదే ఉంటాయి. అడుగు భాగం ఆరిపోయి ఉంటుంది కాబట్టి చిన్న సుత్తితో జానెడుకొక చోట తట్టి వినడానికి అదే సమయం. టంగుమంటే గట్టిగా ఉంది, డబ్‌మని మొద్దుగా పలికితే పొరలు విడిపోయాయి. కొత్త పెయింటు వేసిన చోట ఇంకా ఎక్కువ తట్టండి. తర్వాత ఇంజన్ కాలు (నీళ్లలోకి దిగే కింది భాగం) పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. ఇంజన్ బిగించిన వెనక పలక కదిలితే, లేదా ఒక బోల్టు తీయగానే గోధుమరంగు నీళ్లు కారితే, లోపలి ప్లైవుడ్ కుళ్లింది. ఆ రిపేరు ఖర్చు ధరలో తగ్గించుకోకుండా కొనొద్దు.

ఉన్న ఇంజన్‌నే కొత్త బోటుకు వాడుదామనుకునేవాళ్లు వెనక పలక ఎత్తు కొలుచుకోండి. పొట్టి కాలు ఇంజన్‌కు 15 అంగుళాలు, పొడుగు కాలుకు 20. ఫ్యాను పైనున్న రేకు బోటు అడుగుకు సమానంగా గానీ అంగుళం దాకా కిందికి గానీ ఉండాలి. పైకి ఉంటే అలలో ఫ్యాను గాలి పీల్చి ఇంజన్ ఊరికే గర్జిస్తుంది, బోటు కదలదు.

ఇక మీ ఒడ్డు. కొత్తపట్నం, పాకల, మైపాడు లాంటి చోట్ల అలలు దాటి ఇసుక మీదికి లాగాలంటే పెద్దదానికి రోజూ ట్రాక్టరో, ఎక్కువ మందో కావాలి. ట్రాక్టరు అందని ఒడ్డుకు 32 అడుగులది వద్దు. ఏట్లో కట్టుకునే వీలుంటే మాత్రం అలల్లో నిలకడకు పెద్దదే మేలు, అయితే ఆటు వేళ మొగలో (ఏరు సముద్రంలో కలిసే చోట) నీళ్లు ఎంతుంటాయో ముందు కర్రతో కొలుచుకోవాలి.

ఏది తేల్చుకున్నా, అడ్వాన్సు ఇచ్చేముందు బోటు మీద రాసిన రిజిస్ట్రేషన్ నంబరును కాగితాలతో పోల్చి, మత్స్యశాఖలో పేరు మార్పుకు అమ్మేవాళ్ల చేత సంతకం చేయించుకోండి. డీజిల్ రాయితీ ఆ నంబరు మీదే వస్తుంది.