జీబ్రా ప్లెకో కొనేముందు కుమ్మరిని కలవండి: హైదరాబాద్ ఇంట్లో ప్లెకో పిల్లలు తీసి అమ్మడం

జీబ్రా ప్లెకో అంటే అక్వేరియంలో పెంచే నలుపు తెలుపు చారల చిన్న క్యాట్‌ఫిష్. నెలకు ఒకరిద్దరైనా ఫోన్ చేసి "అన్నా, జీబ్రా ప్లెకో జత ఎంత, ఎన్ని నెలల్లో పిల్లలు పెడుతుంది?" అని అడుగుతారు. నేను తిరిగి అడిగేవి రెండే: మీ ఇంట్లో నీళ్లు బోరువా నల్లావా, కరెంటు పోతే ఏం చేస్తారు. ఈ రెండింటికీ జవాబు లేకుండా వేలకు వేలు పోసి చేప కొన్నవాళ్లు మూడు నెలలు తిరక్కుండానే ఖాళీ ట్యాంకు అమ్మకానికి పెడతారు. అలాంటివి నేనే రెండు కొన్నాను, చవగ్గా వచ్చాయి.

ముందు ఒక అనుమానం తీర్చేస్తాను. క్యాట్‌ఫిష్ బ్యాన్ కదా అని చాలామంది భయపడతారు. మన దేశంలో పెంచకూడదన్నది ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్, అంటే క్లారియస్ గరీపినస్, తినడానికి దొంగచాటుగా చెరువుల్లో పెంచేది. మనం మాట్లాడుతున్న ప్లెకోలు దక్షిణ అమెరికా నదులవి, ఒంటి మీద పొలుసులకు బదులు గట్టి పలకలు, కింద సక్కర్ నోరు. అలాగని షాపులో "అద్దం క్లీన్ చేస్తుంది సార్" అని ముప్పై రూపాయలకు అంటగట్టే పెద్ద సక్కర్ జోలికి పోకండి. అది అడుగు దాటి పెరుగుతుంది, విసిగిపోయిన జనం తీసుకెళ్లి చెరువులో వదిలేస్తారు, ఇప్పుడది మన నదుల్లోకీ చేరి జాలర్ల వలలు చింపుతోంది. దాన్ని దెయ్యం చేప అంటున్నారంటే ఊరికే కాదు.

మొదలుపెట్టాల్సింది బ్రిసిల్‌నోస్ అనే చిన్న రకం ప్లెకోతో. నాలుగైదు అంగుళాలకు మించదు, ఏడాది లోపే గుడ్లకు వస్తుంది, మీరు చేసే తప్పుల్లో సగం ఓర్చుకుంటుంది. మగదానికి మూతి మీద, నుదుటి దాకా కొమ్మల్లా చీలిన మీసాలుంటాయి, ఆడదానికి మూతి అంచున చిన్న చిన్నవి, ఒక్కోసారి అసలు ఉండవు. రెండడుగుల ట్యాంకులో ఒక మగ, రెండు ఆడ చాలు. రెండో మగదాన్ని వేశారంటే గుహ కోసం కొట్టుకుని రెండూ చెడతాయి.

ఇక నీళ్లు. మా ఇల్లు ఉప్పల్ వైపు, నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, మిగతా అవసరాలన్నీ బోరుతోనే. నీళ్లలో కరిగిన లవణాలెన్నో చూపే టీడీఎస్ మీటర్ ముంచితే బోరు 900 చూపిస్తుంది, నల్లా నీళ్లు 250 దగ్గర ఆగుతాయి. బ్రిసిల్‌నోస్ బోరు నీళ్లలో బతికింది గానీ గుడ్లు నిండుగా పగిలింది మాత్రం నల్లా నీళ్లకు మారాకే. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి బకెట్‌లో గాలి రాయి (ఎయిర్ పంపు గొట్టం చివర బుడగలు వదిలేది) వేసి ఒక రోజు ఉంచండి, లేదా యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి. కొత్త ట్యాంకులో స్పాంజ్ ఫిల్టర్ పెట్టి, చేపల వ్యర్థాల్లోంచి వచ్చే అమ్మోనియాను తినే బ్యాక్టీరియా పట్టేదాకా నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. ఇక్కడే ఎవరికీ ఓపిక ఉండదు. తెలిసినవాళ్ల దగ్గర నడుస్తున్న ట్యాంకు ఉంటే మీ స్పాంజ్‌ని నెల రోజులు అందులో పడేసి తెచ్చుకోండి, పని తేలికవుతుంది.

గుహ లేకుండా ప్లెకో గుడ్డు పెట్టదు. అందరూ చేసే తప్పు, ఇంట్లో ఫ్లోరింగ్‌కి మిగిలిన తాండూరు బండ ముక్కల్ని సిలికాన్‌తో అంటించి గుహ కట్టడం. తాండూరు, షాబాద్, కడప బండలన్నీ సున్నపురాయి జాతే, నీళ్లలో మెల్లగా కరిగి నీళ్ల కఠినత్వం పెంచుతాయి. నమ్మకపోతే రాయిని కాస్త గీకి, ఆ పొడి మీద నిమ్మరసం పిండి చూడండి, బుడగలొస్తాయి. మన గ్రానైట్ అయితే ఇబ్బంది లేదు. అన్నిటికంటే మంచిది కాల్చిన మట్టి. నేను ఒక కుమ్మరాయన దగ్గరికెళ్లి ఒక వైపు మూసిన గొట్టాలు కావాలి, పూత ఏమీ వద్దు అంటే, ఆయన చేతిలో మట్టి అలాగే పట్టుకుని "ఇదేంది సారూ, పిల్లల బొమ్మ పొయ్యిలకు పొగగొట్టమా?" అన్నాడు. చేపలకు పురిటి గది అన్నాక నవ్వి, పది గొట్టాలు ఒకే కొలతలో చేసిచ్చాడు. బ్రిసిల్‌నోస్‌కి పొడవు 15 సెంటీమీటర్లు, వెడల్పు 5, ఎత్తు 4. మగచేప లోపలికి దూరి పక్క రెక్కలు చాపితే గోడలకు ఆనాలి, అదీ లెక్క. గుహ వదులుగా ఉంటే ఆడది మధ్యలోనే జారుకుంటుంది.

రెండు వారాలు బాగా మేపండి: ఉడికించిన సొరకాయ, కీరా ముక్కలు, స్పిరులినా బిళ్లలు, వారానికోసారి ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్. మార్కెట్ కూరగాయల మీద పురుగుమందు ఉంటుంది, తొక్క తీసి వేయండి. చిన్న మొద్దు ముక్క ఒకటి ఎప్పుడూ ట్యాంకులో ఉండాలి, దాన్ని గీరుకుని తింటాయి. తర్వాత వరుసగా మూడు నాలుగు రోజులు, రోజూ మూడో వంతు నీళ్లు తీసి రెండు మూడు డిగ్రీలు చల్లటివి పోయండి, నదికి వాన నీరు వచ్చిందనుకుంటాయి. మృగశిర కార్తెకు ఊరంతా చేపల కోసం ఎగబడే రోజుల్లో, తొలి వానకు చల్లబడ్డ నల్లా నీళ్లతో, మా ఇంట్లో చేపలు గుడ్లు పెడతాయి.

మగది గుహలోంచి బయటికి రావడం మానేసి, టార్చ్ వేస్తే తోక మాత్రమే కనబడుతూ, రెక్కలు ఆగకుండా విసురుతుంటే గుడ్లున్నట్టే. దాని పొట్ట కింద నారింజ రంగులో బఠానీ కంటే చిన్న గింజల గుత్తి. చెయ్యి పెట్టకండి. దాదాపు ఐదు రోజులకు పగులుతాయి, పిల్లలు పొట్టకు పచ్చసొన సంచీ వేలాడేసుకుని ఇంకో వారం అక్కడే ఉంటాయి, అప్పటిదాకా మేత అక్కర్లేదు.

అసలు పని ఆ తర్వాత రెండు నెలలు. గుడ్లు పెట్టించడం ఎవరైనా చేస్తారు, పిల్లల్ని అంగుళం చేసేవాడే అమ్ముతాడు. పిల్లల్ని ఒక డబ్బాలోకి మార్చి దాన్ని అదే ట్యాంకుకు వేలాడదీయండి, నీళ్లు మారవు. రోజుకు మూడుసార్లు కొద్దికొద్దిగా మేత, సొరకాయ ముక్క రాత్రి వేసి పొద్దున తీసేయాలి, లేకపోతే కుళ్లి ఒక్క పూటలో మొత్తం పోతాయి. మొదటి బ్యాచ్‌లో నాకు అదే జరిగింది. పెళ్లికని రెండు రోజులు ఊరెళ్లొస్తే ముక్క తెల్లగా బూజు పట్టి, దాని చుట్టూ అరవై పిల్లలు వెల్లకిలా పడున్నాయి.

రెండు మూడు బ్యాచ్‌లు నిలబెట్టాక హైపాన్సిస్ట్రస్ వైపు వెళ్లండి, జీబ్రా కూడా ఈ ప్లెకోల జాతిదే. పేర్లన్నీ నంబర్లే: 1988లో ఒక జర్మన్ అక్వేరియం పత్రిక పేరు పెట్టని ప్లెకోలకు ఎల్ నంబర్లు ఇవ్వడం మొదలుపెట్టింది, ఇప్పటికీ అవే నడుస్తున్నాయి. ఎల్333, ఎల్066 నా సలహా. ఇవి మాంసం వైపు మొగ్గే చేపలు, సొరకాయతో సరిపెట్టలేరు. ఆరింటి గుంపు, మూడడుగుల ట్యాంకు, మగదాని ఒంటికి సరిపడే గుహలు, నల్లా నీళ్లలో ఆర్వో నీళ్లు కలిపి టీడీఎస్ 150 చుట్టూ. ఇవి 28 నుంచి 30 డిగ్రీల్లో హాయిగా ఉంటాయి కాబట్టి మన ఎండలకు బ్రిసిల్‌నోస్ కంటే ఇవే నయం, కాకపోతే వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, గాలి రాళ్లు రెట్టింపు పెట్టాలి. ఒక్కో ఈతకు ముప్పై పిల్లలొస్తే గొప్ప, పెరుగుదల నత్తనడక. రెండు ఎల్ నంబర్లను మాత్రం ఒకే ట్యాంకులో వేయొద్దు. సంకరం పిల్లలు చూడ్డానికి బాగానే ఉంటాయి, వాటిని ఎల్333 అని అమ్మితే మాత్రం అది మోసమే.

జీబ్రా, అంటే ఎల్046, సహజంగా బ్రెజిల్‌లో షింగూ నదిలో తప్ప ఎక్కడా పుట్టదు. అక్కడ బెలో మోంటే డ్యామ్ కట్టారు, ఎగుమతి ఆపేశారు, 2022లో పనామా సమావేశంలో సైటీస్ (అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) రెండో అనుబంధంలోకి ఎక్కించారు. మన దగ్గర విదేశీ సైటీస్ జీవుల రిజిస్ట్రేషన్‌కి పరివేశ్ పోర్టల్ ఉంది. కాబట్టి ముందు అటవీ శాఖ దగ్గర కనుక్కుని, అమ్మేవాడి దగ్గర కాగితాలు చూసి, ఆ తర్వాతే చేపను చూడండి. "కాగితాలు తర్వాత పంపిస్తా భయ్యా" అంటే ఫోన్ పెట్టేయండి.

మేలో ఒక రాత్రి మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి నాలుగు గంటలు గాలి ఆగింది, నలభై ఎల్333 పిల్లలు పోయాయి. మర్నాడే బ్యాటరీ ఎయిర్ పంపు కొన్నాను, ఐదొందలు కూడా కాలేదు. వానాకాలంలో దోమల పొగ బండి చప్పుడు వినబడగానే కిటికీలు మూసి పంపు మీద తడిగుడ్డ కప్పండి, దోమల మందుల్లో వాడే పైరెత్రాయిడ్లు చేపలకు విషం. ట్యాంకు గదిలో లిక్విడ్ మెషిన్, స్ప్రే అసలే వద్దు.

అమ్మకం అంగుళంన్నర దాటాకే. పాతబస్తీలోనో మీ పేటలోనో షాపువాళ్లు మామూలు బ్రిసిల్‌నోస్‌కి తక్కువే ఇస్తారు కానీ మొత్తం ఎత్తుకుంటారు, ఎల్ నంబర్లు మాత్రం నేరుగా పెంచుకునేవాళ్లకే అమ్మండి. పుట్టిన తేదీ, తల్లిదండ్రుల ఫొటో, ఏ నీళ్లలో పెరిగాయో రాసి ఇవ్వండి, ధర తగ్గించమని బేరమాడటం సగానికి సగం తగ్గుతుంది. పార్శిల్‌కి ముందు ఒకటిన్నర రోజు మేత ఆపాలి. సంచికో చేప, మూడో వంతు నీళ్లు, మిగతాది ఆక్సిజన్. రెక్క ముల్లు కవర్ చీలుస్తుంది కనుక రెండు సంచులు వేసి మధ్యలో న్యూస్‌పేపర్ చుట్టి, థర్మోకోల్ డబ్బాలో పెట్టి రాత్రి బస్సుకు ఎక్కించండి. ఒకసారి విజయవాడ పంపిన డబ్బాని దింపినవాళ్లు మధ్యాహ్నం దాకా ఎండలో ఉంచేశారు, ఆరు చేపలకు డబ్బులు నేనే వాపసు ఇచ్చాను. అప్పటి నుంచి ఏప్రిల్ సగం నుంచి మృగశిర దాకా బయటి ఊళ్లకు పంపడం మానేశాను. ఆ రెండు నెలలు అడిగినవాళ్ల పేర్లు గోడ క్యాలెండర్ మీద రాసుకుంటాను, కావాలంటే వచ్చి చూసి తీసుకెళ్లమంటాను.